ఏడాదికోసారి ప్రొద్దుటూరికి

శ్రావణమాసంలో ఒక ఉదయం కడపలో నా మందుల షాపు షట్టరు ఎత్తుతుండగా కర్నూలు నుంచి వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయినాడప్పా" అంది. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నాడట. ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయిందట. ఆలూరు పక్కన సొంతూరికి తీసుకుపోతున్నామని, మధ్యాహ్నానికే ఎత్తుతారని చెప్పింది. నేను బస్సులు మారి ఆ ఊరు చేరేసరికి వాళ్ళ చేనిలో ఒక మూల కొత్త మట్టి కుప్ప మాత్రమే మిగిలింది.

ఆయన నాకు సొంత అన్న కాదు. మమ్మల్ని కలిపింది ఫుట్‌బాల్. ఆయన ఫార్వర్డ్. గోల్ వేయడమే ఉద్యోగం. ఆ ఉద్యోగం బెంగుళూరులో కింది డివిజన్ క్లబ్బుల్లో చేశాడు, గోవాలో రెండో వరస జట్లలో చేశాడు, చెన్నైలో, హైదరాబాదులో చేశాడు. ఎండాకాలం వస్తే కేరళలో కోతలైన పొలాల్లో జట్టుకు ఏడుగురితో ఆడే పోటీలకు పోయేవాడు. ఒక క్లబ్బులో ఒక సీజన్, మహా అయితే రెండు. సీజన్ కాగానే బ్యాగు సర్దుకుని కర్నూలుకు వచ్చేయడం, మళ్ళీ ఏదో ఒక కోచ్ నుంచి ఫోన్ వచ్చేదాకా ఓర్వకల్లు దగ్గర ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాయడం. టీవీలో చూపించే పెద్ద లీగు ఒకటుందని అందరికీ తెలుసు. దాని కింద ఎన్ని మెట్లున్నాయో, ఆ మెట్ల మీద ఎంతమంది వయసు కరిగిపోతుందో తెలిసినవాళ్ళు తక్కువ.

సొంతూర్లో అయితే ఆయన ఏం చేస్తాడో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. వానను నమ్ముకుని చెనిక్కాయ, కంది వేసుకునే ఊరది. "బెంగుళూరులో బంతాట ఆడతాడంట, దానికి జీతమిస్తారంట" అని వింతగా చెప్పుకునేవాళ్ళు. ఒకసారి నా ఎదురుగానే ఒక పెద్దాయన అడిగాడు: "ఏమప్పా, మేము క్రికెట్టు అంతా చూస్తాం, నువ్వు యాడా కనపడవే?"

"నన్ను చివర్న నిలబెడతారు మామా. టీవీలో పడను" అన్నాడు ఈయన, ముఖంలో నవ్వు కనబడనీయకుండా.

కర్నూలులో హాస్టలుకు చదువుకోడానికి వచ్చి ఆట నేర్చుకున్నాడు. హాస్టలు వెనక మైదానంలో పాతబస్తీ ముస్లిం పిల్లలు రోజూ సాయంత్రం ఆడేవాళ్ళు. వాళ్ళతో పాటు ఆట అంటింది, ఆటతో పాటు ఉర్దూ అంటింది. మైదానంలో ఆయన నోట ఎక్కువగా ఉర్దూనే వచ్చేది. ఇంట్లో తెలుగు. డబ్బు సంగతి వస్తే మాత్రం ఆలూరు వైపు వాళ్ళందరిలాగే "దుడ్లు" అనేవాడు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది గోడ. ఎక్కడికి పోయినా గోడ వెతుక్కుని, నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు రెండూ గోడకు ఎత్తిపెట్టేవాడు. నెత్తురు కిందికి దిగాలంట. పెళ్ళిళ్ళలో కూడా ఇదే పని. మా అక్క పెళ్ళిలో అందరూ భోజనాలకు లేస్తుంటే ఈయన ఇస్త్రీ చొక్కాతోనే కల్యాణమండపం వరండాలో పడుకుని ఉన్నాడు. పెళ్ళివారి తరఫు ఒకాయన కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. ఈయన పడుకునే తాగేసి గ్లాసు తిరిగిచ్చాడు.

కొత్త బూట్లు కొంటే బకెట్లో నానబెట్టి, తడి మీదనే తొడుక్కుని, ఆరేదాకా బజార్లో తిరిగేవాడు. కూరగాయలకు కూడా వాటితోనే పోయేవాడు. ఆ సంవత్సరం ఏం జరిగింది, ఈ సంవత్సరం ఏం జరిగింది అనే లెక్క ఆయనకు లేదు. "అది ఇసుక గ్రౌండులో ఆడినప్పుడు", "ఇది ఎర్రమన్ను గ్రౌండప్పుడు" అనేవాడు. కూతురు పుట్టింది కూడా "గోవాలో గడ్డి గ్రౌండప్పుడు". ఇక దేన్ని గురించి తొందరపెట్టినా ఒకటే జవాబు: "బంతి రానీలే." ఇల్లు మారాలన్నా, పాపను ఏ స్కూల్లో వేయాలన్నా, గేటు కాపలా ఉద్యోగం ఖాయం చేస్తామని ఫ్యాక్టరీ వాళ్ళు కబురు పెట్టినా అదే మాట.

నేను కాలేజీలో చదువుతూ కర్నూలు జట్టులో ఎడమవైపు ఆడుతున్న రోజుల్లో ఆయన మొదటిసారి మా జట్టుకు వచ్చాడు. బెంగుళూరు సీజన్ ముగిసి ఇంటికొచ్చినవాణ్ణి మా కెప్టెన్ బతిమాలి పట్టుకొచ్చాడు. నా పని ఎడమ అంచున పరిగెత్తి గోల్ ముందుకు బంతి ఎత్తి వేయడం. మొదటి రెండుసార్లు ఆయన నిలబడిన చోటికే చక్కగా వేశాననుకున్నాను. రెండుసార్లూ బంతి పోయింది. ఆయన పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను.

"నన్ను చూడొద్దప్పా" అన్నాడు. "నేను ఉండే చోటికి కాదు, ఉండని చోటికి ఎయ్యి. నేనొస్తా."

తర్వాతిసారి నేను కళ్ళు మూసుకున్నంత పని చేసి, ఎవరూ లేని చోటికి బంతి ఎత్తాను. అది దిగే వేళకు ఎక్కడి నుంచి వచ్చాడో వచ్చాడు. ఇద్దరు డిఫెండర్ల మధ్య నుంచి, గోల్‌కీపర్ పిడికిళ్ళకు జానెడు ముందుగా ఆయన తల బంతికి తగిలింది. ముగ్గురూ కుప్పగా పడ్డారు. బంతి వలలో ఉంది. లేచేసరికి ఆయన కనుబొమ్మ చీలి నెత్తురు కారుతోంది. చేత్తో తుడుచుకుని, ఆ చేతిని నిక్కరుకు రాసుకుని, సెంటర్ వైపు నడిచిపోయాడు. ఆ రోజుల్లో ఆయనకు భయమనేది తెలియదు. నేను ఆడినవాళ్ళలోకెల్లా బంతి కోసం అంతగా తలొడ్డిన మనిషి ఇంకొకరు లేరు.

అలాంటివాడు మూడు నాలుగేళ్ళ తర్వాత వేరే మనిషిగా తిరిగొచ్చాడు.

మాకు తెలిసింది కడపలో. ఉగాది పండక్కి అక్కడ ఏటా ఒక టోర్నమెంటు జరిగేది. మా జట్టు ఫైనలుకు వచ్చింది. ఆయన అన్నీ బాగా చేస్తున్నాడు. బంతి ఆపుతున్నాడు, పక్కవాడికి అందిస్తున్నాడు, ఖాళీలు వెతుకుతున్నాడు. ఆట ముగియబోతుండగా నేను ఎడమవైపు నుంచి, ఆయన నేర్పినట్టే, ఎవరూ లేని చోటికి బంతి ఎత్తాను. ఆయన వచ్చాడు. కీపర్ కూడా వచ్చాడు. ఇద్దరికీ సగంలో బంతి దిగుతోంది. కీపర్ ఏదో అరిచాడు. అంతే, ఈయన ఆగిపోయాడు. వేగం తగ్గించుకుంటూ కాదు, కాలు జారీ కాదు, ఉన్నపళంగా నిలబడిపోయాడు. కీపర్ తాపీగా బంతి పట్టుకుని ముందుకు తన్నాడు. ఆ బంతే మా వైపు చేరి మా మీద గోలైంది. మేం ఓడిపోయాం.

"ఏమప్పా, పెండ్లి చూసేకి వచ్చినావా?" అని జనంలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మా కెప్టెన్ బూట్లు విప్పుతూ "అన్నా, తల పెట్టింటే గోలు" అన్నాడు. "అవును" అన్నాడు ఈయన.

మర్నాడు పొద్దున కర్నూలు బస్సెక్కాం. మైదుకూరులో బస్సు ఆగగానే ఆయన బ్యాగు తీసుకుని లేచాడు.

"మీరు పోండప్పా. నాకు ప్రొద్దుటూరులో పనుండాది."

ఆ ముఖం చూసి ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. నేనూ వస్తానన్నాను. వద్దనలేదు. ప్రొద్దుటూరులో దిగి, బట్టల షాపుల సందుల్లోంచి ఒక ఇంటికి నడిపించాడు. ముందుగది బట్టల కొట్టు, వెనక కాపురం. కొట్లో గల్లా దగ్గర కూర్చున్న యువకుడు మమ్మల్ని చూసి లేచాడు. పొడుగ్గా, వెడల్పు చేతులతో ఉన్నాడు. నన్ను చూడటానికి తల మొత్తం తిప్పవలసి వచ్చింది. కుడికన్ను తెరిచే ఉంది గానీ అది కదలడం లేదు.

"రా అన్నా" అన్నాడు. "అమ్మా, అన్న వచ్చినాడు."

లోపల వాళ్ళమ్మ అప్పటికే సంగటి కెలికి ఉంచింది. చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, వంకాయ కూర. మేం వస్తామని ఆమెకు తెలిసినట్టే ఉంది. "తినండి నాయనా, ఎండన పడి వచ్చినారు" అంటూ పక్కన కూర్చుంది. ఈయన చాప మీద కూర్చోలేదు. చాప అంచు ఎంతవరకుందో చూసుకుని దానికి ఇవతల నేల మీద కూర్చున్నాడు. వాళ్ళ మధ్య ఎక్కువ మాటలు లేవు.

"తలనొప్పి ఎట్లుండాది?"

"ఎండకాలం వస్తే ఉంటాది. మాత్ర ఏసుకుంటే పోతాది."

"ఏమన్నా గుర్తొచ్చిందా?"

"లేదన్నా. ఆ పొద్దు బస్సు దిగింది గుర్తుండాది. మళ్ళ ఆసుపత్రి."

ఈయన తలూపి అన్నం వైపు చూశాడు. తినడం అయ్యాక కాసేపు ఊరికే కూర్చుని, "వస్తానమ్మా" అని లేచాడు. ఆ తల్లి గడప దాకా వచ్చింది.

ప్రొద్దుటూరు బస్టాండులో కర్నూలు బస్సు కోసం చూస్తూ నేను అడగకుండానే చెప్పాడు.

"బెంగుళూరులో కింది లీగు మ్యాచప్పా. వానపడి గ్రౌండంతా బురద. ఈ పిల్లోడు అవతలి టీం కీపరు. మనోడేనని నాకు తెలియను కూడా తెలియదు. కార్నర్ కొట్టినారు. బంతి నాకూ వానికీ మధ్యన దిగుతాండాది. అప్పుడు వాడు 'నాదీ' అని అరిచినాడు. తెలుగులో. ఆ గ్రౌండులో ఒకడు కన్నడంలో అరుస్తాండాడు, ఒకడు తమిళంలో అరుస్తాండాడు. అవేవీ నాకు ఎక్కల్యా. ఈ ఒక్క మాట ఇనపడింది. అర్థమైంది. మన వైపోడేనని కూడా ఆ నిమిషంలోనే తెలిసింది. అయినా ఆగల్యా. నా మోకాలు పోయి వాని కంటికి తగిలింది."

"ఆట కదన్నా. కీపరు అరిస్తే ఫార్వర్డు ఆగాలని యాడుండాది?"

"యాడా లేదు. రిఫరీ ఫౌల్ కూడా ఇయ్యల్యా. గోల్ ఇచ్చినాడు. ఆ గోలుతోనే గెలిచినాం. మావాండ్లు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్న్యారు. పైనుంచి చూస్తే వాడు బురదలో అట్లే పడుకోని ఉండాడు."

బస్సు వచ్చే దారి చూస్తూ మళ్ళీ అన్నాడు. "నిన్న నేను ఆగల్యా అప్పా. కాళ్ళే నిలబడిపోయినాయి. ఎవురన్నా అరిచినారంటే చాలు."

ఆ దెబ్బ తగిలింది ఉగాది మర్నాడు. అందుకని ప్రతి ఏడూ ఆ రోజుకు ఏ రాష్ట్రంలో ఆడుతున్నా ప్రొద్దుటూరు చేరుకునేవాడు. తలనొప్పి సంగతి అడిగేవాడు. ఏమన్నా గుర్తొచ్చిందా అని అడిగేవాడు. గుర్తొస్తే ఆ పిల్లాడు తనని ఏమన్నా అంటాడేమోనని ఆశపడేవాడని నాకు అనిపించేది. తిట్టినా, కొట్టినా ఒక పని జరిగిపోతుంది కదా.

ఆ తర్వాత ఆయన ఆట కిందికి జారుతూ పోయింది. కొత్త క్లబ్బులో మొదటి కొన్ని వారాలు కోచ్‌కు ఆయన ముద్దు. ఈ వయసులో ఇంత తెలివిగా ఆడేవాడు దొరకడం మాటలా అనుకునేవాళ్ళు. ఆ తర్వాత సంగతి తెలిసేది. గోల్ ముందు బంతి ఇద్దరి మధ్యన దిగినప్పుడల్లా ఈయన ఉండడు. చిన్న లీగుల్లో ఆటగాళ్ళంతా ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు తిరిగేవాళ్ళే. అందుకని ఇలాంటి మాటలు వాళ్ళకంటే ముందే తిరుగుతాయి. ఆయన ముందు గట్టిగా అరిస్తే చాలు అని కీపర్లలో పాకిపోయింది. కొందరు బంతి ఆయన కాళ్ళ దాకా రాకముందే నవ్వుతూ అరిచేవాళ్ళట. ఈయన ఆగిపోయేవాడు. ఒక గోవా క్లబ్బు సీజన్ మధ్యలోనే ఇంటికి పంపేసింది.

ఆట మానెయ్యొచ్చు కదా అని నేను చాలాసార్లు అన్నాను. వదిన కూడా అడిగింది. ఆమెది నందికొట్కూరు. కర్నూలులో ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుట్టేది. మాటలో తడబాటు ఉండని మనిషి. ఒక ఎండాకాలం నేను వాళ్ళింటికి పోతే, ఈయన యథాప్రకారం గోడకు కాళ్ళు ఎత్తుకుని ఉన్నాడు. ఆమె మిషన్ ఆపకుండానే నాతో అంది: "ఆ ప్రొద్దుటూరు పిల్లోనికి కన్ను పోయింది. నాకు కడుపు తరుక్కుపోతాది. కానీ ఒక దెబ్బకు ఇద్దురు పోవాల్నా? ఆడితే ఆడినట్ల ఆడాల, లేకుంటే ఆ ఫ్యాక్టరీలోనే ఉండాల. రెండూ కాకుండా ఏంటికప్పా ఊర్లు తిరగడం?"

"బంతి రానీలే" అన్నాడు ఈయన నేల మీంచి.

మిషన్ ఆగింది. "వస్తాండాది. నువ్వే పక్కకు పోతాండావు."

ఆయన కాళ్ళు గోడ మీద నుంచి దించి, ఒకవైపుకు తిరిగి పడుకున్నాడు. ఆమె కాసేపు ఆ వీపును చూసి మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. నేను టీ తాగి వచ్చేశాను.

పోయినేడాది ఎండాకాలం ఒక పని మీద కర్నూలు వెళ్ళాను. సాయంత్రం మైదానంలో కుర్రవాళ్ళ జట్టుకూ పాతవాళ్ళ జట్టుకూ సరదా మ్యాచ్ అని తెలిసి చూడ్డానికి పోయాను. నాకు పొట్ట వచ్చి ఆట మానేసి ఎన్నో ఏళ్ళయింది. నలభై దాటినా ఆయన మాత్రం అదే సన్నని మనిషి. జుట్టు నెరిసింది, అంతే. గీత పక్కన నిలబడి చూస్తున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కుడివైపు నుంచి ఎవరో బంతి ఎత్తారు. కుర్రకీపర్ ముందుకు వస్తూ "నాదీ" అని గొంతు చించుకుని అరిచాడు. నాకు కూడా వినిపించింది. ఆయన ఆగుతాడని ముందే తెలుసు కాబట్టి నేను చూపు తిప్పుకోబోయాను.

ఆయన ఆగలేదు. కనుబొమ్మ చీల్చుకున్న ఆ రోజు ఎలా వచ్చాడో అలాగే వచ్చాడు. ఇద్దరూ గాల్లో గుద్దుకుని పడ్డారు. బంతి మెల్లగా గీత దాటింది. పాతవాళ్ళంతా ఈలలు వేశారు. ఆయన బంతిని చూడనే లేదు. మోకాళ్ళ మీద పాకుతూ కీపర్ దగ్గరికి పోయి, వాడి ముఖం రెండు చేతుల్లో పట్టుకుని కళ్ళలోకి చూశాడు. కుర్రవాడు పెదవి తుడుచుకుని, "ఏంకాలేదన్నా, వదులు" అని లేచిపోయాడు. ఈయన అక్కడే కూర్చుండిపోయాడు.

కాసేపటికి మైదానం బయటికి వచ్చి నీళ్ళ డ్రమ్ము పక్కన చేతులు నేలకానించి వాంతి చేసుకున్నాడు. నేను వీపు రాస్తూ, "ఏమైందన్నా?" అన్నాను.

"ఏంలేదప్పా" అన్నాడు. నోరు కడుక్కున్నాడు. "ఇంతే ఉన్నింది. చూసినావు కదా. ఇంతే."

సంతోషంగా అన్నాడో, మరెలా అన్నాడో నాకు తెలియలేదు. మళ్ళీ ఎప్పుడూ ఆడలేదని తర్వాత వదిన చెప్పింది. ఫ్యాక్టరీ గేటు ఉద్యోగం ఖాయం చేసుకున్నాడు. ఈ ఏడాది శ్రావణంలో పోయాడు.

దినాల రోజు మళ్ళీ ఆలూరు పక్కన ఆ ఊరికి వెళ్ళాను. పందిరి కింద జనం పెద్దగా లేరు. ఆయనతో ఆడినవాళ్ళు ఎక్కడెక్కడో ఉంటారు, వాళ్ళకు కబురు చెప్పడం ఎలాగో వదినకు తెలియదు. మధ్యాహ్నం భోజనాల వేళకు నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న పొడుగాటి మనిషి దారి అడుక్కుంటూ వచ్చాడు. ప్రొద్దుటూరు అతను. అతనికి ఫోన్ చేసింది నేనే. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చున్నాడు. వాళ్ళమ్మ చనిపోయి రెండేళ్ళయిందని చెప్పాడు.

ఆయన కర్నూలులో వేసిన చివరి గోలు గురించి చెబుదామనిపించి చెప్పాను. అతను వింటూ అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అది ఎప్పుడు జరిగిందన్నా?"

"పోయినేడు. ఉగాది అయినాక కొన్నాళ్ళకు."

అతను ఊపిరి వదిలాడు. "అయితే నేను చెప్పినాకనే" అన్నాడు. "మా అమ్మ పోయేముందు నాకు ఒకటే చెప్పింది. ఆ పిల్లోడు నీ కోసం నలిగిపోతాండాడు, ఇడిచిపెట్టెయ్ రా అని. నాకు ఏమీ గుర్తులేదన్నా, ఇప్పటికీ లేదు. కానీ పోయినేడు ఉగాదికి వచ్చినప్పుడు చెప్పినా. గుర్తొచ్చిందన్నా, నువ్వు చెప్పే ఆ 'నాదీ' నేను అరవల్యా, నువ్వు ఇన్నది వేరే ఎవురిదో, తప్పు నాదే అని చెప్పినా."

"ఏమన్నాడు?"

"నిజమేనా అని రెండుసార్లు అడిగినాడు. నిజమేనన్న్యా. సంతోషపడతాడనుకుంటి. మొఖం చిన్నగైపోయింది. అన్నం సగంలో చేయి కడుక్కున్న్యాడు. పోయేటప్పుడు గడప కాడ నిలబడి, 'అట్లయితే నేను ఆడింటే బాగుండు గదప్పా' అన్న్యాడు. అంతే. మళ్ళ ఫోన్ చేస్తే ఎత్తల్యా." గొంతు తగ్గించాడు. "నేను చేసింది మంచా చెడ్డా అన్నా? నువ్వు చెప్పు."

ఆ అబద్ధం వల్లనే ఆయన ఒక్కసారైనా ఆగకుండా పోగలిగాడని అందామనుకున్నాను. అప్పటికి వదిన విస్తళ్ళు పట్టుకుని మా వెనకే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"ఆయప్పకు తెలుసు నాయనా" అంది.

అతను లేచి నిలబడ్డాడు. "ఏం తెలుసు వదినా?"

"నువ్వు అబద్ధం చెప్పినావని. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పొద్దే చెప్పినాడు నాకు. 'వానికి ఏమీ గుర్తులేదే. నేను పోతాంటే వానికి కష్టంగా ఉన్నట్టుండాది, నోరు తెరిచి చెప్పలేక ఇట్ల చెప్పినాడు. ఇంక పోగూడదు' అన్న్యాడు."

అతని బాగున్న కంటిలోనూ, కదలని కంటిలోనూ నీళ్ళు తిరిగాయి. "రావద్దని నేను అనల్యా వదినా" అన్నాడు. "ఈ ఉగాదికి కూడా మా ఇంటిదానితో సంగటి చేపిచ్చి పెట్టినా. అమ్మ లేకున్నా అన్న వస్తాడు కదా అని. కొట్టు మూసుకోకుండా సాయంత్రం దాకా దారి చూసినా."

వదిన విస్తళ్ళు కింద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుని పందిరి గుంజకు ఆనుకుంది.

"ఆ పొద్దు ఈయప్ప గూడా తెల్లారే నీళ్ళు పోసుకోని ఉతికిన గుడ్డలేసుకున్న్యాడు. నాకు చెప్పకుండానే బస్టాండుకు పోయినాడు. మధ్యాన్నానికి ఎనక్కి వచ్చినాడు. ఏమయ్యా, బస్సు రాల్యా అని అడిగితి. వచ్చింది, నేనే ఎక్కల్యా అన్న్యాడు."